ఆమ్లానికి చెక్కుచెదరని ప్లాటినం ఫ్లోరిన్‌లో ఎందుకు కాలిపోతుంది?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముమ్మిడివరం దగ్గర డిగ్రీ మూడో ఏడు చదువుతూ ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి తయారవుతున్నానని రాశావు. నీ సందేహాలు మూడు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని ప్లాటినం పాత్రలో వేడి చేస్తారని ఒక పుస్తకం, ఫ్లోరిన్‌లో ప్లాటినం కాలిపోతుందని ఇంకో పుస్తకం చెబుతున్నాయి, రెండూ ఎలా నిజమవుతాయి అన్నది మొదటిది. అందరి దగ్గరా ఎలక్ట్రాన్లు లాక్కునే ఆక్సిజన్ నుంచే, ఒక ప్లాటినానికి ఆరు ఫ్లోరిన్లు కలిసిన ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఎలక్ట్రాన్ లాక్కుంటుందంటే నమ్మబుద్ధి కావడం లేదన్నది రెండోది. జడవాయువు అయిన జినాన్ సమ్మేళనానికి పుస్తకంలో ఇచ్చిన ఫార్ములా తప్పని ఎవరో అన్నారు, పరీక్షలో ఏం రాయాలి అన్నది మూడోది. మూడూ మంచి ప్రశ్నలే. మొదటిది అర్థమైతే మిగతా రెండూ సగం తేలిపోతాయి కాబట్టి దాని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

నేను రాజమండ్రిలో మట్టి, ఖనిజాలు పరీక్షించే ల్యాబ్‌లో 30 ఏళ్లకు పైగా పనిచేశాను. ద్వారకా తిరుమల వైపు నుంచి బాల్ క్లే నమూనాలు వచ్చేవి. అందులో సిలికా ఎంతుందో చెప్పడం మా పని. మట్టిలోంచి విడదీసిన సిలికాని ప్లాటినం క్రూసిబుల్‌లో, అంటే వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో, కాల్చి తూకం వేస్తాం. తర్వాత రెండు మూడు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానిపైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోసి, ఫ్యూమ్ హుడ్‌లో మెల్లగా ఆవిరి చేస్తాం. సిలికా అంతా సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువుగా మారి ఎగిరిపోతుంది. మళ్లీ కాల్చి తూస్తే, తగ్గిన బరువే అసలు సిలికా. ఈ పని గాజు బీకరులో చేయలేం, గాజే సిలికా కదా. పింగాణీ అయినా అంతే. ప్లాటినం మాత్రం వేలసార్లు ఆ ఆమ్లంలో ఉడికినా మిల్లీగ్రాము కూడా తగ్గేది కాదు. సాయంత్రం క్రూసిబుళ్లు తూచి, రిజిస్టర్‌లో రాసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం కాబట్టి ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఆ క్రూసిబుళ్లని అపురూపంగా చూసుకునేవారు. మసి పట్టే పసుపు మంట మీద పెట్టనిచ్చేవారు కాదు, సీసం ఉన్న నమూనా దాని దరిదాపులకి రానిచ్చేవారు కాదు. రుద్ది మెరుగు పెట్టడానికి గోదావరి ఇసుక పనికిరాదనేవారు, గింజకి అంచులుంటాయి, గీతలు పడతాయని. అంతర్వేది నుంచి సముద్రపు సన్న ఇసుక తెప్పించి, నీళ్లలో కడిగి, అడుగున దిగిన నల్ల ఇసుక వదిలేసి, పైన తెల్లగా తేలిన గుండ్రటి గింజలు మాత్రమే వాడేవారు. అంత సుకుమారంగా చూసుకునే పాత్రలో, గాజుని తినేసే ఆమ్లాన్ని మాత్రం నిర్భయంగా పోసేవారు.

ఇప్పుడు అసలు సంగతి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉన్నది ఫ్లోరైడ్. అంటే తనకి కావలసిన ఎలక్ట్రాన్‌ని అప్పటికే సంపాదించుకుని, కడుపు నిండి కూర్చున్న ఫ్లోరిన్. దానికి ప్లాటినం దగ్గర తీసుకోవాల్సిందేమీ లేదు. ఆ ఆమ్లంలో ఎలక్ట్రాన్ కోరేది హైడ్రోజన్ అయాన్ ఒక్కటే, దానికి ప్లాటినం దగ్గర లాక్కునే సత్తువ లేదు. ఎవరు ఎంత బలంగా ఎలక్ట్రాన్‌ని లాగుతారో వోల్టుల్లో చెప్పే ప్రమాణ పొటెన్షియల్ పట్టిక తీసి చూడు. ప్లాటినం సుమారు 1.2 వోల్టుల దగ్గర ఉంది, హైడ్రోజన్ సున్నా దగ్గర ఉంది. ఫ్లోరిన్ వాయువు ఎక్కడుందో చూడు, 2.87 వోల్టులు. పట్టికలో అన్నిటికంటే పైన. ఆమ్లానికీ వాయువుకీ పేరులో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావు.

మన కాలవల మీద లాకులు చూశావు కదా. గేటు ఎత్తితే నీళ్లు ఎటు పారతాయో పైమట్టం ఒక్కటే చూసి చెప్పగలమా? రెండు పక్కల మట్టాలూ తెలియాలి. ప్లాటినం చెక్కుచెదరని లోహం అన్న మాట ఒక పక్క మట్టం మాత్రమే చెబుతుంది. ఎదురుగా ఉన్నది హైడ్రోజన్ అయానా, ఫ్లోరిన్ అణువా అన్నదాన్ని బట్టి ఎలక్ట్రాన్ కదలాలా, ఆగాలా తేలుతుంది. నీ మూడు ప్రశ్నల్లోనూ ఉన్నది ఈ రెండు మట్టాల లెక్కే.

మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కాకినాడ రేవులో దిగే రాక్ ఫాస్ఫేట్‌లో బరువులో 3, 4 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. మన చేలల్లో చల్లే సూపర్ ఫాస్ఫేట్ ఆ రాయి నుంచే వస్తుంది. అదంతా ఫ్లోరైడ్ రూపమే. ఆ రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపినప్పుడు పైకొచ్చే వాయువులో సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ ఉంటుంది. నేను క్రూసిబుల్‌లో ఎగరగొట్టిందీ ఫ్యాక్టరీ స్క్రబ్బర్‌లో నీళ్లతో పట్టుకునేదీ ఒకటే. పొలం దాకా వచ్చినా, క్రూసిబుల్‌లో ఉడికినా అది ఫ్లోరైడే కాబట్టి ప్లాటినానికి భయం లేదు.

ఫ్లోరిన్ వాయువుని విడిగా చూసిన మొదటి మనిషికే ప్లాటినం సంగతి కూడా తెలిసొచ్చింది. హెన్రీ మొవాసాఁ పారిస్‌లో 1886 జూన్ 26న, నీటి జాడ లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో పొటాషియం హైడ్రోజన్ ఫ్లోరైడ్ కరిగించి, బాగా చల్లబరిచి, కరెంటు పంపాడు. పాత్ర ఇంగ్లీషు యూ అక్షరంలా వంచిన ప్లాటినం ఇరిడియం గొట్టం. బిరడాలు ఫ్లోర్‌స్పార్ రాతితో చెక్కినవి. ఎలక్ట్రోడ్లు కూడా ప్లాటినం ఇరిడియమే. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని ఆ గొట్టం తట్టుకుంది. కానీ ఫ్లోరిన్ పుట్టే ఎలక్ట్రోడ్ మాత్రం కరిగిపోతూ వచ్చింది. ఒక గ్రాము ఫ్లోరిన్ కోసం 5, 6 గ్రాముల ప్లాటినం పోయేది. నీ మొదటి సందేహానికి జవాబు ఆ ఒక్క పాత్రలోనే ఉంది. ఫ్లోరైడ్ తగిలిన చోట ప్లాటినం నిలిచింది, ఫ్లోరిన్ పుట్టిన చోట అరిగింది. ఆ పని మీదే ఆయనకి 1906లో నోబెల్ వచ్చింది.

వేడి పెంచితే పని ఇంకా వేగంగా జరుగుతుంది. ఎర్రగా కాలిన ప్లాటినం మీద ఫ్లోరిన్ పంపితే ముందుగా వచ్చేది నాలుగు ఫ్లోరిన్లున్న గోధుమ పసుపు రంగు టెట్రాఫ్లోరైడ్. ఐదున్న పెంటాఫ్లోరైడ్ ముదురు ఎరుపు, నాలుగేసి అణువులు ఉంగరంలా కలిసి ఉంటాయి, వేడి చేస్తే టెట్రా, హెక్సాలుగా విడిపోతుంది. ఈ రెండిటి గురించి నీ పరీక్షకి ఇంతకంటే అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ప్లాటినానికి క్లోరైడ్‌తో మంచి స్నేహం, ఫ్లోరైడ్‌తో కుదరదు. క్యాన్సర్ వార్డులో ఇచ్చే సిస్‌ప్లాటిన్‌లో క్లోరైడ్ ఉండటం ఊరికే కాదు. ఫ్లోరిన్ సరసన ప్లాటినం సుఖంగా ఉండేది నాలుగు, ఐదు, ఆరు ఎలక్ట్రాన్లు వదులుకున్నాకే.

ఆరు వదులుకున్నదే నీ రెండో ప్రశ్నలోని హెక్సాఫ్లోరైడ్. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో వైన్‌స్టాక్, క్లాసెన్, మామ్ అనే ముగ్గురు 1957లో దీన్ని బయటపెట్టారు. ఫ్లోరిన్ నింపిన పాత్రలో ప్లాటినం తీగని కరెంటుతో మండించి, పుట్టిన ఆవిరి వెంటనే గడ్డకట్టేలా పక్క గోడని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచారు. అది తీగ దగ్గరే వేడిలో ఉండిపోతే మళ్లీ విడిపోతుంది. ముదురు ఎరుపు ఘనపదార్థం, 61 డిగ్రీల దగ్గర కరిగి 69 డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరి చూస్తే బ్రోమిన్ ఆవిరి గుర్తొస్తుంది. ప్లాటినం లాంటి బరువైన లోహం, మనం టీ కాచే వేడి కూడా అక్కర్లేకుండా ఆవిరైపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దీనికి ఎలక్ట్రాన్ అంటే అంత ఆకలి ఎందుకు? ఆవర్తన పట్టికలో ఆ వరస వేలు పెట్టి చదువు. టంగ్‌స్టన్, రీనియం, ఆస్మియం, ఇరిడియం, ప్లాటినం. ఐదిటికీ హెక్సాఫ్లోరైడ్లు ఉన్నాయి. టంగ్‌స్టన్‌ది రంగులేని వాయువు, ఎలక్ట్రాన్ కోసం ఆక్సిజన్ లాంటి వాటి జోలికి పోదు, చిప్పుల తయారీలో ధారాళంగా వాడుతున్నారు. దాని లోహం దగ్గర డీ ఎలక్ట్రాన్ (ఇలాంటి లోహాల్లో డీ అనే మట్టంలో ఉండే ఎలక్ట్రాన్) ఒక్కటీ మిగల్లేదు. కుడికి ఒక్కో అడుగు వేస్తే కేంద్రకంలో ఒక ప్రోటాన్, డీ మట్టంలో ఒక ఎలక్ట్రాన్ పెరుగుతాయి. డీ ఎలక్ట్రాన్లు కేంద్రకం లాగుడు నుంచి ఒకదానికొకటి సరిగ్గా అడ్డు నిలబడలేవు. దాంతో కేంద్రకం లాగుడు ఒక్కో అడుగుకీ పెరిగి, ఆ మట్టం కిందికి దిగుతుంది. ప్లాటినం దగ్గరికి వచ్చేసరికి అక్కడ నాలుగు ఎలక్ట్రాన్లున్నాయి, ఇంకా రెండింటికి చోటుంది, ఆ చోటు చాలా లోతుగా ఉంది. బయటి ఎలక్ట్రాన్ అందులోకి పడితే విడుదలయ్యే శక్తి 7 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఫ్లోరిన్ అణువుకి అది 3 చిల్లర మాత్రమే. కాబట్టి ఎలక్ట్రాన్‌ని ఊడలాక్కోవడంలో ఫ్లోరిన్ కంటే ఫ్లోరిన్‌తో చేసిన ఈ సమ్మేళనమే బలమైనది. దీని ముదురు రంగుకి కూడా కారణం అదే లోతు. చుట్టూ ఉన్న ఫ్లోరిన్ల ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దూకడానికి మామూలు వెలుతురే సరిపోతుంది.

ఇక ఆక్సిజన్ కథ. నీల్ బార్ట్‌లెట్ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టి, అక్కడే చదువుకుని, తర్వాత కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. ప్లాటినం సమ్మేళనాలని గాజు గొట్టాల్లో ఫ్లోరిన్‌తో వేడి చేస్తుంటే, అనుకోకుండా ఒక ఎర్రటి పదార్థం గొట్టం చల్లటి చోట పేరుకుంటూ వచ్చింది. ఆక్సిజన్ ఉన్న ప్లాటినం ఫ్లోరైడ్ ఏదో అయ్యుంటుందని మొదట అనుకున్నాడు. ఆ ఆక్సిజన్ ఎక్కడిదంటే గాజుదే. రవ్వంత తేమ ఉన్నా హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది గాజుని తింటుంది, మళ్లీ నీరు పుడుతుంది, ఫ్లోరిన్ ఆ నీటి నుంచి ఆక్సిజన్ విడగొడుతుంది. నేను సిలికాని ఎగరగొట్టిన చర్యే అక్కడ పిలవకుండా వచ్చిందన్నమాట. ఇంకొకరైతే మలినం అని కడిగి పారేసేవారు. ఆయన దాన్ని వదల్లేదు. నాకు బార్ట్‌లెట్ మీద గౌరవం జినాన్ కంటే ముందు ఇక్కడే మొదలవుతుంది.

కొలిచి చూస్తే అందులో ఆక్సిజన్ జంటగా, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ధనాయానుగా ఉంది. రెండో పక్క ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ రుణాయాను. స్ఫటికం పొటాషియం లవణాన్ని పోలి ఉంది. మామూలు ఉష్ణోగ్రతలో ఆక్సిజన్‌నీ హెక్సాఫ్లోరైడ్ ఆవిరినీ నేరుగా కలిపినా అదే పదార్థం వచ్చింది. లోమన్‌తో కలిసి దీన్ని 1962లో ప్రకటించాడు. గాలిలో హెక్సాఫ్లోరైడ్‌ని వదిలితే ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, నైట్రోజన్ జోలికి పోదు. నైట్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ తీయాలంటే 15.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆక్సిజన్‌కి 12.07 చాలు. ఇక్కడ కూడా రెండు మట్టాలే.

ఆ తర్వాత ఒక ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి కావలసిన శక్తుల, అంటే అయనీకరణ శక్తుల, పట్టిక చూస్తుంటే జినాన్ అంకె ఆయన కంట పడింది. 12.13. ఆక్సిజన్ అంకెకి పక్కనే. నీ పుస్తకంలో ఆక్సిజన్‌కి మోలుకి 1175, జినాన్‌కి 1170 కిలోజౌళ్లని ఉంటుంది. ఆ 1175 అప్పటి కొలత, ఇప్పటి కొలతలో అది 1165 దగ్గర ఉంది. పరీక్షలో పుస్తకం అంకెలే రాయి, వాదనకి తేడా రాదు. 1962 మార్చి 23, శుక్రవారం సాయంత్రం, ఆయన ఒక్కడే ల్యాబ్‌లో ఉన్నాడు. ఒక పక్క ఎర్రటి హెక్సాఫ్లోరైడ్ ఆవిరి, ఇంకో పక్క రంగులేని జినాన్, మధ్యలో పల్చటి గాజు తెర. తెర పగలగొట్టగానే నారింజ పసుపు రంగు పొడి గోడలకి పట్టేసింది. ఎవరికైనా చెబుదామని బయటికి వస్తే బిల్డింగ్‌లో అంతా భోజనానికి వెళ్లిపోయారు. జడవాయువులు దేనితోనూ కలవవని అప్పటిదాకా తరగతి గదుల్లో చెప్పిన పాఠం ఆ పొడితో పోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అయనీకరణ శక్తులు దగ్గరగా ఉన్నాయి కాబట్టి చర్య జరిగింది అని రాసి ఊరుకుంటే సగం జవాబే. జమాఖర్చు వేసి చూడు. జినాన్ నుంచి ఎలక్ట్రాన్ తీయడానికి ఖర్చు 1170 కిలోజౌళ్లు. హెక్సాఫ్లోరైడ్ అది పుచ్చుకుంటే తిరిగొచ్చేది 7 ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కన 675 చిల్లర. ఇంకా 500 దాకా అప్పు ఉంది. అది తీర్చేది జాలక శక్తి, ధన రుణ అయాన్లు స్ఫటికంలో సర్దుకున్నప్పుడు విడుదలయ్యేది. జినాన్ అయాన్ ఆక్సిజన్ అయాన్ కంటే కాస్త పెద్దది కాబట్టి దానికి జాలక శక్తి కాస్త తక్కువే వస్తుంది, అయినా లెక్క సరిపోతుంది. బార్ట్‌లెట్ ముందే ఈ అంచనా వేసుకుని మరీ ప్రయోగానికి దిగాడు. క్రిప్టాన్‌కి ఖర్చు 1351, అక్కడ ఈ లెక్క సరిపోదు. జాలక శక్తి ప్రస్తావన ఉన్న జవాబుని, లేని జవాబుని దిద్దేవాళ్లు ఇట్టే కనిపెడతారు.

మూడో ప్రశ్నకి సూటిగా జవాబు. నీతో అన్నవాళ్లు సరిగానే అన్నారు. జినాన్ ధనాయాను, హెక్సాఫ్లోరోప్లాటినేట్ రుణాయాను అని బార్ట్‌లెట్ మొదట రాసిన ఫార్ములా ఆ పొడిని పూర్తిగా వర్ణించదు. ఒంటరి జినాన్ ధనాయాను ఊరుకునే రకం కాదు, పక్కనున్న ఇంకో హెక్సాఫ్లోరైడ్ నుంచి ఒక ఫ్లోరిన్‌ని తగిలించుకుంటుంది. అప్పుడు జినాన్ ఫ్లోరైడ్ ధనాయాను పుడుతుంది, ప్లాటినం పక్కన పెంటాఫ్లోరైడ్ మిగులుతుంది. కాస్త వేడి చేస్తే రెండు ప్లాటినాలు, పదకొండు ఫ్లోరిన్లు ఉన్న రుణాయానుతో లవణంగా స్థిరపడుతుంది. హెక్సాఫ్లోరైడ్ ఎక్కువ లేకుండా జాగ్రత్తగా చేసిన పదార్థం కూడా, గొలుసులా అల్లుకున్న ప్లాటినం పెంటాఫ్లోరైడ్ రుణాయానుతో కూడిన జినాన్ ఫ్లోరైడ్ లవణమే అయ్యుండాలని బార్ట్‌లెట్, ఆయన సహచరులు 2000లో రాశారు. తన పేరు నిలబెట్టిన ఫార్ములాని 38 ఏళ్ల తర్వాత తానే సవరించాడు ఆ మహానుభావుడు. రంగు సంగతి కూడా సరిచేసుకో, పుస్తకాల్లో జినాన్ పదార్థం ఎరుపు అని ఉంటుంది, ఆయన చూసింది నారింజ పసుపు. బిట్ పేపర్‌లో పాత ఫార్ములానే ఇస్తారు, అదే గుర్తు పెట్టు. వివరంగా రాసే జవాబులో మొదట ప్రతిపాదించిన ఫార్ములా అని రాసి, అసలుది జినాన్ ఫ్లోరైడ్ లవణాల మిశ్రమమని ఒక వాక్యం చేర్చు.

కాలేజీలో డెమో ఏదైనా చేయవచ్చా అని చివర్లో అడిగావు. ఫ్లోరిన్‌తో గానీ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గానీ వద్దు తల్లీ, ఖచ్చితంగా వద్దు. నేను పనిచేసిన చోట ఒక కుర్రాడికి గ్లవ్‌కి సూది మొనంత చిల్లుండి ఆ ఆమ్లం వేలికి తగిలింది. ఆ పూట మంట తెలియలేదు, చేయి కడుక్కుని ఇంటికి పోయాడు. అర్ధరాత్రి నొప్పితో ఏడుస్తూ ఆసుపత్రికి వెళ్లాడు. ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. ఎక్కువ చోట తగిలితే గుండె ఆగిపోవచ్చు. వెంటనే కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి ఉంటే అంత దాకా వచ్చేది కాదు, ఆ రోజు మా ల్యాబ్‌లో ఆ జెల్ లేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా రెండు ట్యూబులు నా డెస్కు మీదే ఉండేవి. బార్ట్‌లెట్ అంతటివాడికే 1963 జనవరిలో జినాన్ సమ్మేళనం పేలి గాజుముక్కలు కళ్లలో పడ్డాయి, పక్కనున్న పరిశోధక విద్యార్థి పి.ఆర్. రావుకీ దెబ్బలు తగిలాయి. ఇద్దరూ వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. తర్వాత ఇద్దరూ కలిసి, ఈ ప్రమాదం మిగతావాళ్లకి జరగకూడదని హెచ్చరిస్తూ పత్రం ప్రచురించారు.

డెమో బదులు కాగితం, పెన్సిలు తీసుకుని కపుస్టిన్‌స్కీ సమీకరణంతో జాలక శక్తి లెక్క వెయ్యి. అయాన్ల మధ్య దూరం ఆక్సిజన్ లవణానికి 4.1 ఆంగ్‌స్ట్రామ్‌లు, జినాన్ లవణానికి 4.4 అనుకో. రెండు విలువలూ, వాటి మధ్య తేడా ఎంతో రాసి పంపు. జినాన్ విలువని 1170 లెక్కలో పెట్టాక చర్య జరుగుతుందనిపించిందో లేదో కూడా రాయి. తప్పు వస్తే ఎక్కడ తప్పిందో చూసి చెబుతాను.